బీబీజాన్ నడుము, నా కుడికాలు

మహబూబ్ చాచాను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని కారు నడపాల్సిన కర్మ పగవాళ్లకు కూడా వద్దు. ఆయన సగం జీవితం లారీ నడిపాడు. నడిపితే నడిపాడు, నాకేం? అన్నేళ్లూ క్లీనర్లను తిట్టి తిట్టి, ఇంట్లో కూర్చున్నాక తిట్టడానికి మనిషి లేక నోరు దురద పెడుతున్న సమయంలో నేను దొరికాను.

నా పేరు హెప్సిబా. మాది ఖిల్లా ఘణపూర్. నా భర్త ఇమ్మానుయేలు హైదరాబాదుకు తాపీ పనికి పోతూ నన్నూ రమ్మన్నాడు. ఇటుకలు మోసే పని మా అమ్మ పుణేలో నా వంతు కూడా చేసేసింది, నేను రానన్నాను. ఊళ్లోనే ఉండి ఒక పాత కారు కొనుక్కుని కిరాయికి తిప్పుతున్నాను. పెళ్లిచూపులు, పరీక్షలు, దవాఖానలు, ఎవరికి ఏ అవసరం వచ్చినా ఫోను నాకే వస్తుంది. ఆడమనిషి నడిపే బండి ఎక్కేది లేదన్న పెద్దమనుషులే తమ కోడళ్లకు నొప్పులొస్తే నన్ను పిలిచారు. అందుకని నాకు డ్రైవింగు వచ్చనే అనుకుంటూ ఉండేదాన్ని.

చాచాది మా వీధి చివరి ఇల్లు. పొడుగ్గా, ఎండిపోయినట్టుగా ఉంటాడు. మెడ చుట్టూ తువ్వాలు ఎప్పుడూ ఉండాల్సిందే. షుగరు వ్యాధి ఆయన కుడికాలి వేళ్లన్నిటినీ తినేసింది. బూటులో గుడ్డలు కుక్కుకుని నడుస్తాడు, స్టీరింగు మాత్రం మళ్లీ ముట్టలేదు. అరుగు మీద కూర్చుని, వీధిలో పోయే ప్రతి బండి చప్పుడూ విని, "ఈడు గేర్లను సంపుతున్నడు", "ఈనికి లైసెన్స్ ఎవడిచ్చిండో" అని తీర్పులు చెప్పడమే ఇప్పుడు ఆయన ఉద్యోగం. పక్కనే బియ్యం ఏరుకుంటూ ఆయన భార్య బీబీజాన్ చాచి, "అవు, లోకంల నువ్వొక్కనివే డ్రైవరువు" అనేది. ఆయన్ని ఆ మాట అనగలిగింది ఆమె ఒక్కతే.

మొన్న చలికాలంలో చాచి బట్టలుతికే బండ దగ్గర జారి పడింది. నడుము పూస విరిగింది. హైదరాబాదులో ఆపరేషన్ చేసి స్క్రూలు బిగించారు. ఇక వారం వారం వనపర్తి దవాఖానకు తీసుకొచ్చి కాళ్లకు కసరత్తు చేయించాలన్నారు. మానేస్తే ఆ కాళ్లు ఇక ఎప్పటికీ బరువు మోయవని డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది. ఆ కిరాయి నాకు వచ్చింది.

మా రోడ్డు సంగతి కూడా చెప్పాలి. ఘణపూర్ నుంచి వనపర్తి దాకా ఊరూరికీ స్పీడ్ బ్రేకర్లే. సర్కారు వేసినవి కొన్ని, మేకపిల్ల చచ్చిందనో కోడి చచ్చిందనో కోపంతో ఊరివాళ్లు వేసుకున్నవి మరిన్ని. యాసంగి కోతలొస్తే సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు. మూల తిరిగితే ఎదురుగా వడ్లు, అవతల నుంచి బస్సు. కిరాయి బండ్లవాళ్లమంతా ఒకటే పని చేస్తాం. పెట్రోలు మిగులుతుందని దూరం నుంచే న్యూట్రల్ కొట్టి బండిని దొర్లనిస్తాం. దగ్గరికొచ్చాక బ్రేకు మీద లేచి నిలబడినంత పని చేస్తాం. తర్వాత రెండో గేరు వేసి క్లచ్ టపీమని వదిలేస్తాం. బండి ఒకసారి ముందుకు తూలి, ఒకసారి వెనక్కి గుంజుతుంది. మామూలు మనిషి అది పట్టించుకోడు. నడుములో స్క్రూలున్న మనిషికి ప్రాణం పోయి వస్తుంది.

మొదట్లో చాచి పళ్లు బిగబట్టి ఓర్చుకుంది. ఒకరోజు తిరిగొస్తుంటే వడ్లకూ బస్సుకూ మధ్య ఇరుక్కుని నేను గట్టిగా బ్రేకు కొట్టాను. చాచి వేసిన కేక విని బస్సు డ్రైవరు కూడా ఆపేశాడు. ఇంటికి చేరాక మంచం మీద పడుకోబెడుతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, నీ మీద కోపం లేదు. గని నేనింక ఈ కారెక్క. నాతోని గాదు."

"ఇంకా నెమ్మదిగ నడుపుత చాచి."

"నెమ్మదిగ నడిపినా గుంజుడు గుంజుడే కదా. కాళ్లు రాకుంటె రాకపాయె. మంచంలనే పడి ఉంట."

చాచా నా వెంట బయటికొచ్చి, కారు బానెట్ మీద చెయ్యి వేశాడు.

"రేపు పొద్దుగాల్ల కోటగుట్ట కింది రోడ్డుకు రా. బండి నడుపుడు నేర్పిస్త."

"నాకొస్తది కదా చాచా!"

"నీకొచ్చింది ఉరికిచ్చుడు. ఆపుడు ఎవడన్న నేర్పిండా?"

అరికాలి మంట నెత్తికెక్కింది. పోవయ్యా అనబోయాను. లోపల నుంచి చాచి మూలుగు వినబడుతోంది. సరే అని వచ్చేశాను.

మర్నాడు మొదలైంది నా అగచాట్ల పర్వం. చాచా ముందు నా చెప్పులు విప్పించాడు. తర్వాత పాఠం చెప్పాడు.

"మూడో గేరుల వస్తున్నవ్. ముందర స్పీడ్ బ్రేకర్ ఉంది. న్యూట్రల్ కొట్టినవంటె చెయ్యి ఇరుస్త. కుడికాలి ముందుభాగంతోని బ్రేకు మెత్తగ తొక్కు. ఎడమకాలితోని క్లచ్. గేరు రెండుకు దించు. ఇగ క్లచ్ ఇడ్సే ముందర, బ్రేకు మీది బరువు అట్లనే ఉంచి, గదే కాలి మడిమెతోని ఎక్స్‌లేటర్ తొక్కి జర రేసియ్యి. గేరు దిగినప్పుడు ఇంజను ఎక్కువ తిరగాలె. నువ్వు తిప్పకుంటె చక్రాలే దాన్ని గుంజి తిప్పుతయ్. గా గుంజుడే నీ చాచి నడుముకు తగుల్తుంది. సమజైందా?"

"ఒక్క కాలుతోని రెండు తొక్కాల్నా?"

"మరి మూడో కాలుందా నీకు?"

చెప్పడం తేలిక. తొక్కితే తెలుస్తుంది. మడమను పక్కకు తిప్పితే ముందుపాదం బ్రేకు మీద నుంచి జారిపోయేది. జారకుండా ఒత్తితే బండి మొక్కుతున్నట్టు ముందుకు వంగి ఆగిపోయేది. మడమ ఎలాగో అందితే అవసరానికి మించి తొక్కేదాన్ని, ఇంజను ట్రాక్టరులా అరిచేది. పాలు తీసుకుపోయేవాళ్లు సైకిళ్లు ఆపి మరీ చూశారు. "ఏమైందమ్మా, బండి ఖరాబైందా?" అని ఒకాయన. "బండి మంచిగనే ఉంది, మనిషే" అని మా చాచా జవాబు. నాకు ఒళ్లు మండిపోయింది.

రోజూ ఇదే వరస. మడిమె, మడిమె, మడిమె! నిద్రలో కూడా ఆ మాటే వినబడేది. నా కారులో ఎక్స్‌లేటర్ సన్నగా పైనుంచి వేలాడుతూ ఉంటుంది, బ్రేకు కన్నా లోపలికి ఉంటుంది. నా మడమ ఎంత తిప్పినా గాలిలోనే ఉంటోందని మొత్తుకున్నాను.

"మా లారీల మంచిగ అందుతుండె."

"ఇది లారీ కాదు చాచా!"

"తొక్కుడొచ్చినోనికి ఏ బండైనా ఒకటే."

ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం! ఆ రోజు నా కాలు మళ్లీ జారి, ఆయన నుదురు ముందు అద్దానికి కొట్టుకుంది. ఆయన తిట్లు లంకించుకున్నాడు. నాకూ సహనం చచ్చింది.

"నీ కాలికి వేళ్లే లేవు, నాకు కాలిపని నేర్పిస్తవా!" అనేశాను.

"ఉంటే నేనే నడుపుకొని పోకపోదునా? నీ ముందర గొంతు పోయేటట్టు ఎందుకొర్లుదును?" అని అంతకన్నా గట్టిగా అరిచాడు. కానీ మొహం వాడిపోయింది. తువ్వాలుతో నుదురు ఒత్తుకుంటూ కాసేపు గుట్ట వైపు చూశాడు. తర్వాత, "తిప్పు. మల్ల మొదటికెల్లి" అన్నాడు.

ఈ గొడవలో దవాఖానకు పోవాల్సిన వారం ఒకటి పోయింది. ఇంకొకటీ పోయింది. ఇంట్లో చాచా చేయించే కసరత్తు చాలడం లేదు. నేను చూడటానికి పోతే చాచి దుప్పటి తీసి ఎడమకాలు చూపించింది. ఆమె లేపాలని చూస్తోంది, పాదం మాత్రం పక్కకు వాలిపోతోంది. పోయిన నెల ఇదే కాలు జానెడెత్తు లేచింది. దవాఖాన నుంచి ఫోను చేసి, ఈ సోమవారం కూడా రాకపోతే ఇక మీ ఇష్టమన్నారు. చాచి ఆ ఫోను వింటూ కూడా "కారెక్క" అనే అంది. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఒక పెద్దామె లేచి నడవడం నా దరిద్రపు మడమ మీద ఆధారపడి ఉండటమేమిటి దేవుడా అనుకున్నాను.

ఆ చిరాకుతోనే ఊరి బయటికి పోయాను. మా అమ్మ ఏసమ్మ కౌలుకు చేసిన మడి వడ్లు అక్కడ రోడ్డు మీద ఆరబోసి ఉన్నాయి. నన్ను చూడగానే అమ్మ మొదలుపెట్టింది.

"పొద్దంత ఆ ముసలాయనతోని కారుల తిరుగుడేనా? జర ఈ వడ్లల్ల కాళ్లు పెట్టు. అడుగువి పచ్చిగనే ఉన్నయ్."

మా దగ్గర వడ్లు తిరగేయడానికి పారా గీరా పట్టం. చెప్పులు విప్పి వడ్లలోకి దిగి, కాళ్లు ఎత్తకుండా ఈడ్చుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తాం. దుక్కి దున్నినట్టు సాళ్లు పడతాయి, కింది గింజలు పైకి వస్తాయి. చిన్నప్పటి నుంచి చేసిన పని కాబట్టి దాని గురించి ఎవరూ ఆలోచించరు. నేనూ అమ్మను, చాచాను, ఆ కారును కనిపెట్టినవాణ్నీ వరసగా తిట్టుకుంటూ ఈడుస్తున్నాను.

ఉన్నట్టుండి నా కాలు నాకే వింతగా తోచింది. బొటనవేలి కింది మెత్తటి కండ రోడ్డును ఒత్తుకుని గట్టిగా నిలబడి ఉంది. చిటికెనవేలి వైపు అంచు మాత్రం వంగి గింజల్ని పక్కకు తోస్తోంది. ఒకటే కాలు, రెండు పనులు. ఒత్తిడి ఒత్తిడిగానే ఉంది, తోపు తోపుగానే ఉంది. మడమ ఊరికే వెనకాల వస్తోంది తప్ప దానికి ఏ పనీ లేదు.

సాలు మధ్యలో వదిలేసి కారు దగ్గరికి పరుగెత్తాను. "ఏం పుట్టిందే నీకు, సగంల ఇడ్సిపోతవ్!" అని అమ్మ వెనక నుంచి అరుస్తూనే ఉంది. మట్టికాళ్లతోనే సీట్లో కూర్చుని, ఆ మెత్తటి కండను బ్రేకు కుడి అంచు మీద పెట్టాను. బ్రేకు తొక్కి పట్టి, వడ్లు తోసినట్టు పాదం అంచును వంచాను. ఎక్స్‌లేటర్ తగిలింది. ఇంజను జర లేచి మళ్లీ తగ్గింది. బ్రేకు మాత్రం కదల్లేదు. రోడ్డు మీదికి తీసి, మూడు నుంచి రెండుకు దించి, క్లచ్ వదిలాను. బండి తూలలేదు, గుంజలేదు. నేనే నమ్మలేక మళ్లీ దించి చూశాను.

నేరుగా చాచా ఇంటికి పోయి హారన్ కొట్టాను.

"మడిమె కాదు చాచా! అంచు! కాలి అంచు!"

"మడిమె అని నేనెప్పుడన్న? కాలు అన్న" అన్నాడు ఆ మహానుభావుడు.

గొంతు పిసికేద్దామనిపించింది. అన్ని రోజులు ఆ ఒక్క మాటతో నా ప్రాణం తోడేసి, ఎప్పుడన్న అంటాడు! ఒప్పుకుంటే ఆయన సొమ్మేం పోయింది?

ఆ సాయంత్రం నుంచి ఆయన ముందు సీటు మానేశాడు. వెనక సీట్లో చాచి పడుకునే చోట, ఆమె దిండ్లు పెట్టుకుని, ఆమెలాగే పక్కకు తిరిగి కళ్లు మూసుకుని పడుకునేవాడు. "ఇగో, ఇక్కడ తగిలింది." "ఇక్కడ గుడ తగిలింది, ఏందిది?" "ఆగే ముందర బ్రేకు మీద బరువు జర తగ్గియ్యి, తల ఊగుతుంది." నాకైతే ఏ కుదుపూ తెలియడం లేదు, ఆయనకు మాత్రం ప్రతిదీ తగులుతోంది. కావాలనే సతాయిస్తున్నాడని ఎన్నిసార్లు అనుకున్నానో. చివరికి ఆదివారం పొద్దుగూకే వేళ, లేచి కూర్చుని, "పనికొస్తది" అన్నాడు. అంతే. మెచ్చుకోలు అంటే ఆ మనిషికి అంత పిసినారితనం.

సోమవారం పొద్దున చాచి దగ్గరికి ఇద్దరం పోయాం. బతిమాలడం చాచాకు చేతనైతే కదా. "లే, బండొచ్చింది" అని హుకుం జారీ చేశాడు. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. ఇక నేనే మంచం పక్కన కూర్చున్నాను.

"ఒక్కసారి రా చాచి. గుంజిందంటె ఆడనే ఆపుత. మంచం తెప్పిచ్చి నలుగురితోని మోయించుకొస్త."

"నలుగురు మోసేది ఒక్కసారే బిడ్డా. గది ఇప్పుడే ఎందుకు?" అని నవ్వబోయి, నొప్పికి ఆగిపోయింది. దుప్పటి పక్కకు తోసింది. "సరే. గని గుంజిందంటె మల్ల ఎన్నడు నన్ను అడగొద్దు. ఇద్దరికీ చెప్తున్న."

వెనక సీట్లో దిండ్ల మధ్య పడుకోబెట్టాం. చాచా ముందు కూర్చున్నాడు. ఊరు దాటాం. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర అంచు వంచి గేరు దించాను. వెనక నుంచి చప్పుడు లేదు. రెండోది. లేదు. వడ్లు, బస్సు, మళ్లీ వడ్లు. ఆమె కేక కోసం ఒళ్లంతా చెవులు చేసుకుని ఎదురు చూస్తున్నాను, కేక రావడం లేదు. చాచా మాత్రం చేత్తో నెమ్మది, నెమ్మది అని సైగలు చేస్తూనే ఉన్నాడు. నాకు తెలియదా? ఆ చెయ్యి కిటికీలోంచి బయట పారేయాలనిపించింది.

వనపర్తి వచ్చింది. దవాఖాన గేటు కనబడుతోంది. ఆపడానికి పక్కకు తీయబోతే చాచా నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఆపకు" అన్నాడు గుసగుసగా.

"దవాఖాన చాచా!"

"నోరు మూసుకొని పోనీ."

అద్దంలో చూశాను. చాచి తల దిండు మీద ఒక పక్కకు వాలి ఉంది. నోరు తెరుచుకుని ఉంది.

"ఏమైంది చాచా?"

"నిద్ర పోతుంది." ఆయన నా మోచెయ్యి వదల్లేదు. "ఆపరేషన్ అయినకాడికెల్లి గిట్ల పండుకునుడు సూడలే నేను. రాత్రంత గోడ పట్కొని మూలుగుడే. ఆపితే లేస్తది. పోనీ బిడ్డా."

నాకు పిచ్చెక్కినట్టయింది. ఇన్ని తిప్పలు పడింది ఆ గేటు దాకా రావడానికి కాదూ! "టోకెన్ పోతది, డాక్టరమ్మ ఇంక చూడ అన్నది, కాళ్లు పోతయ్" అని నేనూ గుసగుసలోనే తిడుతున్నాను. తిడుతూనే గేటు దాటించేశాను. బజారు దాటాం. పెబ్బేరు దాటాం. హైవే ఎక్కితే రోడ్డు నున్నగా ఉంది. చాచా సీట్లో సగం వెనక్కి తిరిగి ఆమెనే చూస్తూ కూర్చున్నాడు. ఎంత దూరం పోవాలో ఆయన చెప్పడు, ఎక్కడ ఆపాలో నాకు తెలియదు.

బీచుపల్లి దగ్గర కృష్ణ బ్రిడ్జి ఎక్కాం. బ్రిడ్జి అతుకుల మీద చక్రాలు టకటకమన్నాయి. దానికి నా కాలు ఏం చేయగలదు? వెనక దిండు కదిలింది.

"ఏడున్నం?" అంది చాచి.

ఆమె మెల్లగా తల తిప్పి కిటికీలోంచి చూసింది.

"ఇది కృష్ణ గాదు? దవాఖాన ఏడ పాయె?"

"నువ్వు పండుకుంటివి. లేపబుద్ధి కాలె" అన్నాడు చాచా, దొంగలా.

"పిచ్చి లేసిందా నీకు? డాక్టరమ్మ ఎల్లిపోతది! తిప్పు బిడ్డా బండి, జల్ది తిప్పు! నా కాళ్లకు కసరత్తు ఎవరు చేయిస్తరు, ఈయన చేయిస్తడా?"

"కారెక్క అన్నవ్ గదా నువ్వు" అన్నాడు చాచా.

"గుంజితే ఎక్క అన్న. గుంజలే గదా. ఇయ్యాల పోత, మల్ల సోమవారం పోత. తిప్పుమను!"

బ్రిడ్జి దాటాక తిప్పాను. చాచా ముందుకు తిరిగి కూర్చుని, మెడలోని తువ్వాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. చాచి వెనక నుంచి చూసింది.

"ఏడుస్తవేంది? నొప్పి నాదా, నీదా?"

"ఇద్దరిది" అన్నాడు చాచా, తువ్వాలు తీయకుండానే.